నెల నాగా

హకీం లతీఫుద్దీన్‌కు తన మాజూన్ మీదున్న నమ్మకం చూస్తే ముచ్చటేసేది, ఒక్కోసారి ఒళ్లూ మండేది. వేర్లూ గింజలూ దంచి, జల్లించి, తేనెపాకంలో కలిపి జాడీలో మాగబెట్టిన ఆ చేదు లేహ్యం మోకాళ్ల నొప్పిని మెల్లగా లాగేస్తుందనేవాడు. మెల్లగా అన్నందుకే కోరుట్లలో ఆయన గిరాకీ పోయింది. కొడుకు సల్మాన్ దంచే పని చేతికి తీసుకున్నాక దుకాణం ముందు మళ్లీ జనం నిలబడ్డారు. ముసలాయన పొంగిపోయాడు. కొడుకు చేతిలో బర్కత్ ఉందని, అది అల్లా చలవేనని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

కథలాపూర్ దేవవ్వయితే చేతికట్టె పారేసి నాట్లకు పోతోంది. మొహం ఉబ్బితే, మందు ఒంటికి పట్టిందనుకున్నారు.

"దేవవ్వా, మస్తు రోజులు తిన్నవ్. ఇగ నెల నాగా పెట్టు. మందు ఒంటికి అలవాటు కావద్దు," అన్నాడు హకీం. కొన్నాళ్లు వాడాక ఆపించడం వాళ్ల తాతల నాటి పద్ధతి. పక్కనే డబ్బాలు తుడుస్తున్న సల్మాన్ తలెత్తలేదు.

నెల తిరగకముందే దేవవ్వ కూతురు అనూష వచ్చింది. పాపం, తిట్టడానికి రాలేదు.

"సాబ్, అవ్వ సచ్చిపోయింది. వాంతులైనయ్, కండ్లు తిరిగి పడ్డది. స్టెరాయిడ్ గోళీలు ఒక్కసారే బంద్ పెట్టిండ్రా అని జగిత్యాల డాక్టరు అడిగిండు. మా అవ్వ గోళీలే ఏసుకోలె. మీ మాజూనే తిన్నది. అండ్ల ఏమన్న కలుస్తదా?"

"తోబా! నా మాజూన్ల గోళీలెట్లుంటయ్ బిడ్డా..." అంటూనే హకీం కొడుకు వైపు తిరిగాడు. సల్మాన్ నేలచూపులు చూస్తున్నాడు.

ఆ బర్కత్ ఏమిటో ఆయనకు అప్పుడర్థమైంది. కన్నకొడుకును చూస్తే అసహ్యం వేసింది.

"నేను నాగా పెట్టుమన్నప్పుడు నువ్వు గీడనే ఉన్నవ్ గదరా?"

"ఉన్న."

"ఆపితే పానం మీదికి వస్తదని తెల్సా?"

"మెల్లగ తగ్గియ్యాలని గోళీలిచ్చినాయన చెప్పిండు అబ్బాజాన్. నీ ముంగట ఎట్ల చెప్పాలె?"

అనూష ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నొప్పులు మళ్ల లేస్తే నేనే తినుమన్న సాబ్. డబ్బ ఇంట్లనే ఉండె," అంది. "హకీం సాబ్ వద్దన్నడని అవ్వ మూత గూడ తియ్యలె."