ఎస్తేరు మేడం చూడని నవ్వు

కార్పెట్ ఎంతకీ అయిపోవడం లేదు, హిమజ నడుస్తూనే ఉంది. పదమూడు మీటర్ల చదరం మీద పదకొండేళ్ళు గెంతిన మనిషికి దాని అంచు ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా తెలియాలి కదా, కానీ ఈ కార్పెట్ విశాఖలో స్కూలు హాల్లో మొదలై, కిటికీలోంచి బయటికి పాకి, బీచ్ రోడ్డు దాటి, అలల కిందికి దూరిపోతోంది. నీళ్ళున్నాయి గానీ పాదాలు తడవడం లేదు, అదేమీ ఆమెకు వింతగా అనిపించడమూ లేదు. ఆ నీళ్ళలోనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఎనిమిది నెలల కిందట చనిపోయిన ఎస్తేరు మేడం, హిమజకు రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో ఓనమాలు దిద్దించిన మనిషి, ఒళ్ళో పోటీ డ్రెస్సు పెట్టుకుని దానికి మెరుపు రాళ్ళు కుడుతోంది.

"ఏటే, అలా నిలబడిపోయావ్? ఈ దారం ఎక్కించు, నాకు కనబడి చావట్లేదు."

హిమజ సూది అందుకుంటుంది. చూస్తుండగానే సూది బెజ్జం ఆటలో విసిరే హూప్ వలయమంత అవుతుంది, అందులోంచి దూరి అవతలికి వెళ్తే అక్కడ జాతీయ జట్టు క్యాంపు. ఆడేది ఐదుగురు, ఆరో పిల్ల రిజర్వుగా గోడవార కూర్చుని ఉంది. ఐదుగురిలో హిమజ మిగులుతుందో, ఆ పిల్ల ఎక్కుతుందో ఈ పొద్దున జరిగే సెలెక్షన్‌లో తేలిపోతుంది. హూప్ విసరడంలో హిమజకు తిరుగులేదు, నవ్వే రావడం లేదు. ఈ ఆటలో ముఖం కూడా ఆడాలి మరి, మొహం ముడుచుకుంటే మార్కులు కోసేస్తారు. ఎనిమిది నెలలుగా ఆమె కార్పెట్ మీద ఒక్కసారీ నవ్వలేదు.

మేడం కుర్చీ కూడా వెనకే వచ్చేసింది.

"మేడం, మీకొకటి చెప్పాలి."

"చెప్పు, వింటన్నాను."

"పోటీకి ముందు మేనేజరు గారు మా ఫోన్లన్నీ గుడ్డసంచిలో వేసి కట్టేస్తారు కదా. ఆ రోజు ఆట అయ్యాక సంచి విప్పితే మీ అమ్మాయి మెసేజ్ ఉంది. టైము చూశాను. మీరు పోయిన టైముకి నేను కార్పెట్ మీద ఉన్నాను. నవ్వుతున్నాను మేడం. మార్కుల కోసం కాదు, నిజంగానే. అంత బాగా ఎప్పుడూ ఆడలేదు, అంత సంతోషం ఎప్పుడూ లేదు. అక్కడ మీరు ఊపిరాడక అల్లాడుతుంటే నేను పళ్ళికిలిస్తున్నాను."

కన్నతల్లికి కూడా చెప్పుకోలేదు ఆ మాట. సిగ్గుతో, బాధతో హిమజ తల దించుకుంటుంది. మేడం కుట్టడం ఆపుతుంది.

"నవ్వావా?"

"ఆ."

"పళ్ళు కనబడేటట్టా?"

"ఆ, మేడం."

"వాజిలీన్ రాసుకున్నావా?"

పెదవులు పళ్ళకు అతుక్కోకుండా పోటీకి ముందు మేడమే తన వేలితో శిష్యురాళ్ళ ముందుపళ్ళకు వాజిలీన్ రాసేది.

"మర్చిపోయాను. రాసుకోకుండానే వచ్చేసింది."

"ఓసి, నీ ఇల్లు బంగారం గానూ. ఇంజెక్షన్‌కి వచ్చిన పిల్లలాగ ఆ మొహమేటే అని పదకొండేళ్ళు మొత్తుకున్నాను. నేను చూస్తండగా ఒక్కనాడైనా నవ్వావా? నేనిలా పోయానో లేదో నవ్వేశావు. నా కోపమల్లా అందుకేనే. నీ నవ్వు అందరూ చూశారు, నేనే చూడలేదు."

మేడం కుర్చీ ముందుకు జరుపుకుంటుంది.

"ఏదీ, ఇప్పుడు చూపించు. రెండున్నర నిమిషాలు, మొత్తం ఆటంతా. దించావంటే మళ్ళీ మొదట్నుంచి."

హిమజ పెదవులు సాగదీస్తుంది. "అది ఫొటో నవ్వు" అంటూ మేడం ఎలా నవ్వాలో తానే చేసి చూపించబోతుంది, పంటి సందున ఇరుక్కున్న దారం గడ్డం దాకా వేలాడుతుంటుంది, సంగతి తెలియక ఆవిడ మహా దర్జాగా నవ్వుతూ కూర్చుంటుంది, అది చూసి హిమజ కడుపులోంచి నవ్వు తన్నుకొస్తుంది, కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా ఆ నవ్వు దిగదు, మేడం ఒళ్ళోని డ్రెస్సు పక్కన పడేసి ముందుకు వంగి, కళ్ళు ఇంతలేసి చేసుకుని చూస్తూ, "అదీ, అలాగే ఉంచు" అంటూ లెక్కపెడుతూనే ఉంటుంది.

క్యాంపు హాస్టల్లో తెల్లవారింది. పక్క మంచం మీద జట్టులోని మృణ్మయి జుట్టు ముడి బిగించుకుంటూ, ఏమైందని హిందీలో అడిగింది. హిమజ జవాబు చెప్పబోయి ఆగి, చేతులతో తన మొహం తడుముకుంది. ఆట ఆసాంతం నవ్వుతూ ఆడి దిగినప్పుడు పట్టేసినట్టే, చెంపలు రెండూ నొప్పిగా ఉన్నాయి.