రసమట్టం మేస్త్రీ ఇంట్లో టెలిస్కోపు

వంకర కనబడితే మేస్త్రీకి ఒళ్ళు మండిపోతుంది. అదొక జబ్బు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడల వైపు చూస్తాడు, తరవాతే మనుషుల వైపు. ఒకసారి చుట్టాలింట్లో గోడ మీది ఫోటో ఓ పక్కకి వాలి ఉందని, నలుగురూ చూస్తుండగా కుర్చీ ఎక్కి సరిచేసి దిగాడు. జేబులో పెన్ను ఉండాల్సిన చోట చిన్న రసమట్టం పెట్టుకు తిరుగుతాడు. దాని గాజుగొట్టంలో బుడగ నడిమికి వస్తే గానీ ఆయన ప్రాణం కుదుటపడదు. తోటి పనివాళ్ళు ఆయనకి రసమట్టం అనే పేరు పెట్టారు. వెనకాల అంటారనుకున్నారా? మొహం మీదే అంటారు. ఆయన నవ్వేస్తాడు.

అలాంటి మనిషి ఆలస్యంగా పెళ్ళి చేసుకున్నాడు. ఆమె మొదటి భర్త పోయాడు. ఒక కూతురు ఉంది, అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. సెలవులని ఆ పిల్ల ఇప్పుడు తల్లి దగ్గరికి వచ్చింది. సెలవులయ్యాక ఇక్కడే ఉండి ఇక్కడి బడికి వెళ్తుందా, అమ్మమ్మతో వెళ్ళిపోతుందా అన్నది దాని ఇష్టానికే వదిలేశారు. "బలవంతం చెయ్యొద్దు" అని అందరికంటే ముందు అన్నది మేస్త్రీయే. అనేసి, ఆనాటి నుంచీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరుగుతున్నాడు. పిల్ల ఉండిపోవాలని ఆయనకెంత ఆశో! పైకి చెప్పడానికే నోరు రాదు.

పిల్ల చెడ్డదేం కాదు. కాకపోతే ఆయన్ని ఏమనీ పిలవకుండా రోజు గడుపుకునే విద్య ఒకటి నేర్చుకుంది. "కాఫీ చల్లారిపోతోంది" అంటుంది గుమ్మంతో. "అమ్మ రమ్మంటోంది" అంటుంది కిటికీతో. గుమ్మం తరఫునా కిటికీ తరఫునా మేస్త్రీయే "వస్తున్నానమ్మా" అని బదులు చెబుతాడు.

ఇలా ఉండగా, ఆయన ప్రహరీ కడుతున్న ఇంటివాళ్ళు సామాను సర్దుకుంటూ ఒక పెట్టె బయటపెట్టారు. అందులో టెలిస్కోపు. కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన చిన్న రకం. "మావాడు నాలుగు రోజులు మోజుపడి వదిలేశాడు. మీ ఇంట్లో పిల్లలెవరైనా ఉంటే పట్టుకెళ్ళండి" అన్నారు.

"మా అమ్మాయి ఉందండీ" అన్నాడు మేస్త్రీ. ఆ మాట అనగలిగినందుకు ఇంటికి వచ్చేదాకా తనలో తానే మురిసిపోయాడు.

పెట్టె చూడగానే పిల్ల మొహం చేటంత అయింది. అందులో ఉన్న చిన్న పుస్తకం ముందేసుకుని కూర్చుంది, భోజనానికి పిలిచినా లేవలేదు. పగటిపూటే దూరాన ఉన్న నీళ్ళ ట్యాంకుకి గురిపెట్టి, పెద్ద గొట్టమూ దాని మీది చిన్న గొట్టమూ ఒకే చోటు చూసేలా మరలు తిప్పి కుదిర్చింది. పొద్దుగూకాక మూడుకాళ్ళ స్టాండుని పెరట్లో నిలబెట్టి, దాని మెడని ఉత్తరం వైపు వాల్చి బిగించింది. చందమామ కేసి చూసి "అమ్మా, ఇలా రా! గుంటలు, అన్నీ గుంటలే!" అని కేక పెట్టింది. తల్లి పరిగెత్తింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ మేస్త్రీ, నన్నూ పిలిస్తే బాగుండును అనుకున్నాడు. పిలవలేదు.

పొద్దున్నే పనికి బయల్దేరుతూ పెరట్లోకి తొంగిచూశాడు. అయ్యో రామ! గొట్టాన్ని లోపల దాచింది సరే, చూరు కింద పెట్టిన స్టాండు మెడ మాత్రం ఓ పక్కకి వాలిపోయి ఉంది. పాపం, పసిది, బిగించడం చేతకాలేదు. చెబితే చిన్నబుచ్చుకుంటుంది. పానా తెచ్చి, మెడని నిటారుగా నిలబెట్టి, రసమట్టం ఆనించి, బుడగ నడిమికి వచ్చాక గట్టిగా బిగించి, పిల్లి అడుగులు వేసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ రోజంతా ఇటుక మీద ఇటుక పేరుస్తూ కూనిరాగాలు తీశాడు.

సాయంత్రం పిల్ల మళ్ళీ వాల్చింది. పొద్దున మేస్త్రీ మళ్ళీ నిలబెట్టాడు. ఇక చూడండి, ఇదే వరస. ఒకరితో ఒకరు ఒక్క ముక్క మాట్లాడుకుని ఉంటే తేలిపోయేది. ఆ ఇద్దరి మధ్యా మాటలుంటే కదా!

వారం చివర, పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే గదిలోంచి పిల్ల గొంతు వినబడింది. ఫోనులో ఏడుస్తోంది.

"అమ్మమ్మా, ఆదివారం వచ్చి నన్ను తీసుకెళ్ళిపో. ఇక్కడ నేను పెట్టింది పెట్టినట్టు ఉండదు. రోజూ పొద్దున్నే పాడుచేసేస్తున్నారు. అమ్మ తను కాదంది. మరింకెవరు? నేనిక్కడ ఉండటం ఇష్టం లేకే..."

మేస్త్రీ చేతిలో చెంబు జారిపోయింది. పాడుచెయ్యడమా? తనా? ఆయనకి ఏడుపొచ్చింది. దాచడమెందుకు, వచ్చింది. మొహం మళ్ళీ మళ్ళీ కడుక్కున్నాడు. తరవాత తిన్నగా వెళ్ళి గది గుమ్మంలో నిలబడ్డాడు.

"పాడుచేసింది నేనేనమ్మా. వంకరగా ఉంటోందని రోజూ సరిచేస్తున్నా."

పిల్ల ఫోను దించింది. "సరిచేస్తున్నారా?"

"ఆఁ. మట్టం చూసి మరీ."

"మేస్త్రీ గారూ!" అని అరిచింది పిల్ల. ఇంట్లో అడుగుపెట్టాక ఆయన్ని ఏదో ఒకటనడం అదే మొదలు. కోపంలో ఏది నోటికొస్తే అది అనేసింది. "అది వంకరగానే ఉండాలండీ!"

చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది. మెడ మర వదులు చేసి, ఉత్తరం వైపు వాల్చి, ముక్కు ఎగబీలుస్తూనే పాఠం మొదలుపెట్టింది.

"భూమి తిరుగుతుందా? అందుకని ఏ చుక్కని పట్టుకున్నా అద్దంలోంచి జారిపోతుంది. ఈ మెడ ధ్రువ నక్షత్రం వైపు వాలి ఉందనుకోండి, ఇదిగో, ఈ ఒక్క మర తిప్పుతుంటే చాలు, చుక్క వెనకాలే వెళ్తుంది. భూమి ఇరుసు ఎటు ఉంటే దీని ఇరుసూ అటే ఉండాలి. మీరేమో దాన్ని నిటారుగా నిలబెట్టేస్తున్నారు! చీకటి పడ్డాక మీరు బిగించిన మర కనబడక నేను నానా తంటాలూ పడుతున్నా."

"భూమి ఇరుసు నిటారుగా ఉండదా?"

"మనం నిల్చున్న చోటి నుంచి చూస్తే వాలే ఉంటుంది."

మేస్త్రీ నోరు వెళ్ళబెట్టాడు. "ఓరి నాయనో! ఇన్నాళ్ళూ వంకర దాని మీదా నేను తిన్నటి గోడలు కట్టింది!"

పిల్ల పక్కున నవ్వింది. నవ్వకూడదనే అనుకుంది గానీ ఆగలేదు.

చీకటి పడ్డాక శనిగ్రహాన్ని వెతికి పట్టుకుంది. "ఎవరైనా శని వదిలితే చాలనుకుంటారు. వెతుక్కుని మరీ చూస్తారా మీరు?" అని వంటింట్లోంచి తల్లి వేళాకోళం చేసింది. మేస్త్రీకి ఒక కన్ను మూసి చూడటం ఒకరు నేర్పాలా? దారం పట్టి గోడ వరస చూసే కన్ను అది. వంగి చూశాడు. ఆవగింజంత వెలుగు, దాని చుట్టూ సన్నటి ఉంగరం.

"ఎంత చక్కగా ఉందే తల్లీ!" అన్నాడు. గొంతు వణికింది. గొట్టం కూడా వణికింది, ఉంగరం కాస్తా అలుక్కుపోయింది. ఆయన కళ్ళు తుడుచుకుని స్టాండు కాళ్ళని కదిపి చూశాడు. "ఈ కాళ్ళలో పస లేదమ్మా, ఊపిరి తగిలితేనే ఊగుతోంది. దీనికి దిమ్మె కట్టాలి."

ప్రయాణం ఊసు మాత్రం పిల్ల ఎత్తలేదు. మేస్త్రీకి అడిగే ధైర్యం లేదు.

మర్నాడు పనికి సెలవు పెట్టి పెరట్లో గొయ్యి తవ్వాడు. "రేపు వెళ్ళిపోయే పిల్లకి ఇవాళ దిమ్మె ఎందుకండీ?" అని భార్య మెల్లగా అడిగింది. "మళ్ళీ సెలవులకి వస్తుందిగా, అప్పుడు చూసుకుంటుంది" అన్నాడు. తలెత్తకుండా తవ్వుతూనే ఉన్నాడు.

పిల్ల తట్ట పట్టింది, ఇసుక జల్లించింది, మోచేతుల దాకా సిమెంటు పూసుకుంది. ఇటుకల వరసలు లేచాక మేస్త్రీ తాపీ చేత్తో పట్టుకుని, "చెప్పమ్మా, పైన ఎంత వంకర పెట్టమంటావ్?" అని అడిగాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

"అయ్యో, దిమ్మె తిన్నగానే ఉండాలండీ! వాలేది మెడ ఒక్కటే."

"బతికించావ్" అన్నాడు మేస్త్రీ. మెడని బిగించడానికి పైన బోల్టులు నిలబెట్టి, చుట్టూ నున్నగా మెత్తి, గోనెపట్టా కప్పాడు.

ఆదివారం కాఫీల వేళకి అమ్మమ్మ దిగింది. పిల్ల బట్టలు సర్దడానికని పెద్ద సంచి తెచ్చుకుంది. ఆవిడ పెరట్లోకి వచ్చేసరికి మనవరాలు మగ్గుతో గోనెపట్టా మీద నీళ్ళు పోస్తోంది.

"ఇంకా తయారవలేదా తల్లీ? ఎండెక్కిపోతోంది."

"నేనెలా వస్తాను అమ్మమ్మా? దీన్ని తడపాలి. తడపకపోతే పగిలిపోతుంది."

"మీ అమ్మ తడుపుతుందిలే."

"అమ్మ మర్చిపోతుంది. ఈయనేమో ఎండ ముదిరే వేళకి పనిలో ఉంటారు."

అమ్మమ్మ మేస్త్రీ వైపు తిరిగింది. "ఎన్నాళ్ళు తడపాలి బాబూ? పోనీ, అది అయ్యాకే వచ్చి తీసుకెళ్తాను."

పిల్ల కూడా ఆయన వైపే చూసింది. చేతిలో మగ్గు వాలిపోయి నీళ్ళు పాదాల మీద కారుతున్నా చూసుకోలేదు.

ఇంకెవరైనా అడిగి ఉంటే ఆ లెక్క మేస్త్రీ నిద్రలో లేపినా చెప్పేవాడు. తన పని విషయంలో అబద్ధమాడిన మనిషి కాడు. ఇప్పుడు ఆ లెక్క చెబితే పిల్ల వెళ్ళిపోతుంది.

"దానికి లెక్కేముంది అత్తయ్యా" అన్నాడు చివరికి. "తడిపినన్నాళ్ళూ గట్టిపడుతూనే ఉంటుంది."

అమ్మమ్మ ఆయన్ని చూసింది, మనవరాలిని చూసింది. సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

"పోనీలే, ఖాళీ సంచి మోయడం తేలికే" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేస్త్రీ కళ్ళలోనూ తిరిగాయి. పిల్ల ఎవరి వైపూ చూడకుండా మగ్గు మళ్ళీ బకెట్లో ముంచింది.