ఆరో స్లాబ్ ఆగిన రోజు

కరెంటు పైపు కోసం ఐదో అంతస్తులో గోడ చెక్కుతుంటే మూల పిల్లరు మీది పూత పెచ్చుగా ఊడిపడింది. ఆర్కిటెక్టుగా శిక్షణలో ఉన్న తలాసో దగ్గరికెళ్ళి చూపుడువేలు పెట్టి చూసింది. వేలు రెండో కణుపు దాకా లోపలికి పోయింది. లోపలంతా తేనెపట్టులా బొక్కలు. గీరితే ఇసుక రాలింది, తుప్పెక్కిన చువ్వ తగిలింది. సుత్తి తీసుకుని పక్క పిల్లరును కొట్టింది. అదీ డొల్లగానే పలికింది.

కింద కాంక్రీటు కలిపే యంత్రం అప్పుడే తిరగడం మొదలుపెట్టింది.

నక్షాలో ఆ ఇల్లు ఐదంతస్తులే. నీళ్ళ ట్యాంకుకని చెప్పి ఐదో స్లాబ్ మీద పిల్లర్లు లేపారు. నిన్న ఆదివారం, ఆర్కిటెక్టు ఆఫీసువాళ్ళెవరూ రారని చూసుకుని, వాటి మీద ఈ చివరి నుంచి ఆ చివరికి చెక్కలు పరిచి చువ్వలు కట్టేశారు. ఇంకో గంటలో ఆరో స్లాబ్ పోస్తారు. కింది రెండంతస్తుల్లో అప్పటికే కాపురాలున్నాయి. చపాతీలు కాలుస్తున్న వాసన పైదాకా వస్తోంది.

తలాసో సైటు పుస్తకం తెరిచి రాసింది. "పని ఆపండి. పిల్లర్లు పరీక్ష చేసేదాకా పైన ఏ బరువూ పెట్టకూడదు." కాగితం చించి ఫోర్‌మన్ ముటిసో చేతికిచ్చింది.

"ముట్టినట్టు సంతకం పెట్టండి."

ముటిసో చదివి, మేస్త్రీలకు వినపడేలా నవ్వాడు. "ఏమే ఒంటెల పిల్లా, మీ ఎడారిలో ఇల్లు విప్పి ఒంటె మీదేసుకుని పోతారట గదా. దీన్నీ అలాగే విప్పమంటావా? ఒంటెనెక్కడ కట్టేసి వచ్చావు?"

మేస్త్రీలు పగలబడి నవ్వారు.

"ఒంటే నయం ముటిసోగారూ. మోయలేనంత పెడితే లేవనని మొండికేస్తుంది. పిల్లరుకు నోరు లేదు."

ఒక ముసలి మేస్త్రీ నవ్వు ఆపుకోలేకపోయాడు. ముటిసోకు మాత్రం మొహం మాడింది. కాగితం తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు. "చూడమ్మా, నీకింకా లైసెన్సే లేదు. నీ కాగితం ఉల్లిపాయలు పొట్లం కట్టుకోవడానికి పనికొస్తుంది. మీ మేడమ్‌ని సంతకం పెట్టమను, ఆపుతా."

అతనన్నదాంట్లో అబద్ధం లేదు. ఆమె సంతకానికి విలువ రావాలంటే సైటులో చేసిన పని రాసుకునే రెండేళ్ళ లాగ్‌బుక్ నిండాలి, ప్రతి వారం పేజీ మీద లైసెన్సున్న ఆర్కిటెక్టు సంతకం పడాలి, ఆపైన పరీక్ష. తలాసోకు ఇంకా ఏడు వారాల పేజీలు మిగిలాయి. ఎడారిలో ఒంటెలు మేపుకు తిరిగే తన గబ్రా జాతిలో ఈ చదువు ఇంతదాకా తెచ్చినవాళ్ళు ఆమెకు తెలిసి ఎవరూ లేరు. డిగ్రీ చేత పట్టుకుని నైరోబీలో పదకొండు ఆఫీసులు ఎక్కి దిగింది. "మార్సబిట్ వైపా? అక్కడ ఇళ్ళుంటాయా?" అన్నారొకరు. "ఆడపిల్లను సైటుకు పంపితే రేపు ఎవరు జవాబు చెప్పాలి?" అన్నారొకరు. పన్నెండో ఆఫీసు ఆర్కిటెక్టు కెరూబోది. ఎవరూ చేర్చుకోని ఆడపిల్లల్ని ఏరి తెచ్చి పని నేర్పే మనిషి. పిల్లలంతా ఆమెను మ్వాలిము అంటారు, పంతులమ్మ అని.

ఆమెకే ఫోన్ చేసింది. చూసిందంతా చెప్పింది.

"ఆ కాగితం చించెయ్యి తల్లీ."

"మ్వాలిము?"

"మనకు నడుస్తున్న సైటు ఇదొక్కటే. ఇది పోతే మీ నలుగురూ లాగ్‌బుక్కులో ఏం రాస్తారు, నా మోకాళ్ళ నొప్పులా? నెకేసాకు మూడు వారాలే మిగిలాయి. కడుపుతో ఉందని ఒకడు సంతకం పెట్టకుండా వెళ్ళగొడితే, మళ్ళీ మొదటి పేజీ నుంచి రాసుకొచ్చింది పిచ్చిది. పరీక్ష గడువు తప్పితే ఇంకో ఏడాది. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను, నోరు చేసుకున్న ఆడదాన్ని రెండోసారి ఏ సైటుకూ పిలవరు. ముందు లైసెన్సు తెచ్చుకో. తర్వాత ఎంతైనా గొంతు చించుకో."

"మరి కింద కాపురముంటున్నవాళ్ళు?"

"యజమానితో నేను మాట్లాడతా."

"ఎప్పుడు?"

"స్లాబ్ అయ్యాక."

తలాసో ఫోన్ పెట్టేసింది. చించడానికి రెండు చేతుల్తోనూ కాగితం పట్టుకుంది కూడా. ఏడు వారాలు. కళ్ళు మూసుకుంటే గడిచిపోతాయి. కానీ చించలేకపోయింది. వాళ్ళ అమ్మమ్మ గుడారం కట్టిన ప్రతిసారీ నడిమి వాసం పట్టుకుని వేలాడేది. తన బరువు ఆగితేనే పిల్లల్ని లోపలికి రానిచ్చేది. వాసం విరిగి నడుం పట్టేసిన రోజూ ఉంది. "నా నడుమేగా పోయింది," అని నవ్వేది ముసలిది.

తలాసో నిచ్చెనెక్కి ఆరో స్లాబ్ చెక్కల మధ్యకు పోయి, చువ్వల మీద కూర్చుంది.

"దిగమ్మా! కాంక్రీటొస్తోంది!" ముటిసో అరిచాడు.

"పోసుకోండి."

"పిచ్చెక్కిందా? నా నోట్లో మన్ను కొట్టకే, పిల్లలు గలవాణ్ణి!"

"కింద కూడా పిల్లలే ఉన్నారు ముటిసోగారూ," అంది. ఏడుపొచ్చింది. మగాళ్ళ ముందు సైటులో ఏడవకూడదన్నది మ్వాలిము నేర్పిన మొదటి పాఠం. అదీ నిలబెట్టుకోలేకపోయింది.

ముటిసో కెరూబోకు ఫోన్ చేశాడు. ముప్పావుగంటకు కెరూబో వచ్చింది. ఒక్కో మెట్టూ ఎక్కుతూ, అంతస్తుకోసారి గోడకు జారగిలబడుతూ ఐదో అంతస్తు చేరింది. పైనున్న పిల్లను పలకరించనైనా లేదు. పిల్లరు బొక్కలో పెన్ను గుచ్చింది. పెన్ను సగం పోయింది. రాలిన ఇసుక వేళ్ళ మధ్య నలిపింది.

"దీన్ని ఎప్పుడు పోశారు?"

"మార్చిలో మేడమ్," అన్నాడు ముటిసో.

"మార్చిలో సరిచూసింది నేనే," అంది కెరూబో, ఎవరితోనూ కాదన్నట్టు. "మోకాళ్ళు లేవక కిందినుంచే చూసి సంతకం పెట్టాను."

తలాసో నిచ్చెన దిగివచ్చింది. కాగితం ఇంకా చేతిలోనే ఉంది. దాని మీద కెరూబో సంతకం పెడితే ఆ మార్చి సంతకం కూడా బయటికొస్తుంది. ఆఫీసూ పోతుంది, బహుశా లైసెన్సూ పోతుంది. అది ముగ్గురికీ తెలుసు. ముటిసో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నా మాట విని చించెయ్యకపోయావా పిల్లా," అంది కెరూబో. అదే పెన్నుతో, దాని మొనకంటిన ఇసుక స్కర్టుకు తుడిచి, తలాసో పేరు కింద తన పేరు రాసి సంతకం పెట్టింది.

యంత్రం ఆగింది. కలిపిన కాంక్రీటు రోడ్డు పక్కన గుమ్మరించారు.

మధ్యాహ్నానికి యజమాని మనిషి వచ్చి, మీవాళ్ళెవరూ ఇక గేటు దాటొద్దని చెప్పిపోయాడు. కెరూబో తన ఆఫీసుకు తిరిగొచ్చి, నగర కార్యాలయానికి తన మార్చి తప్పుతో సహా ఉత్తరం రాసి పంపించి, లోపలి గదిలో తలుపేసుకుంది.

మధ్యాహ్నం సైటు వంతు నెకేసాది. బూట్లు తొడుక్కుని సిద్ధంగా కూర్చున్నది, సంగతి విని ఒక బూటు లేసు విప్పుతోంది.

"మూడు వారాలు తలాసో," అంది తలెత్తకుండా.

"నెకేసక్కా, కింద పసిపిల్లలున్నారు."

"తెలుసే. నేనైనా అదే చేసేదాన్ని." ముడి బిగుసుకుంది. గోళ్ళతో లాగింది. "అయినా మూడు వారాలే కదే. మూడే."

తలాసో వెళ్ళి నేల మీద ఆమె పక్కనే కూర్చుంది. లోపలి గది తలుపు పల్చటిది, మ్వాలిము మాటలు బయటికి వినపడుతున్నాయి.

"నలుగురు పిల్లలు... మీ సైటులో ఓ మూల నిలబడనిస్తే చాలు... కాదు, నా గురించి కాదు, నా సంగతి వదిలెయ్యండి... ఒకామెకు మూడు వారాలే..."

అవతలివాళ్ళు పెట్టేశారు. కుర్చీ కిర్రుమంది. మళ్ళీ నంబరు నొక్కుతున్న చప్పుడు.

"హలో, నేను కెరూబోని. పెట్టెయ్యకండి, ఒక్క నిమిషం."