మూలన పెట్టిన దుకాణం

కరీంనగర్‌లోని ఆ చిన్న కంపెనీ తెలుగు పుస్తకాలు చదువుకునే ఈ-రీడర్లు తయారుచేస్తుంది. తెర మీద మెనూ ఎలా ఉండాలో, ఎక్కడ నొక్కితే ఏది తెరుచుకోవాలో నిర్ణయించడం అందులో సృజన పని. నిర్ణయించడం అంటే మాటవరసకే. అక్షరాలు పెద్దవి చేసే షార్ట్‌కట్‌ను ఆమె కుడివైపు కింది మూలన, బొటనవేలికి అందేట్టు పెట్టింది. మేనేజర్ కుమారస్వామి దాన్ని తీయించి, అక్కడ పుస్తకాలు అమ్మే దుకాణం బటన్ పెట్టమన్నాడు. అక్షరాల సైజు నాలుగు మెనూల లోపలికి పోయింది. సృజన ఒకసారి వద్దంది. రెండోసారి అనలేదు. గీసి ఇచ్చేసింది.

కొత్త రీడర్లు పద్నాలుగింటిని నస్పూర్‌లో గని కార్మికుల కాలనీ రీడింగ్ రూముకు ఉచితంగా ఇచ్చారు. జనం ఎలా వాడుతున్నారో చూసి రమ్మని నెల తర్వాత సృజనను పంపారు. ఆమె పుట్టిపెరిగింది ఆ కాలనీలోనే.

రీడింగ్ రూము చూసుకునే అనసూర్య ఆమెను కిటికీ పక్క బల్ల దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ రాజలింగు చదువుకుంటున్నాడు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి, సృజన తండ్రికి దోస్తు. కుడిచేతి రెండు వేళ్లు బాయిలోనే పోయాయి. మిగిలిన వేళ్లతో రీడర్ పట్టుకుంటే బొటనవేలు సరిగ్గా ఆ మూల మీదే ఆనుతోంది.

పేజీ సగం కాకముందే దుకాణం తెరుచుకుంది. రాజలింగు మెనూలోకి పోయి, పుస్తకం వెతుక్కుని, పేజీ వెతుక్కుని మళ్లీ మొదలుపెట్టాడు. మూడు వాక్యాలు చదివాడో లేదో మళ్లీ దుకాణం. ఆయన రీడర్‌ను బల్ల మీద పెట్టి, బయట నల్లా దగ్గరికి పోయి, సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుని వచ్చాడు.

"ఎందుకు పెద్దబాపు, చేతులు మంచిగనే ఉన్నయి గదా?" అని అడిగింది సృజన.

"బాయిల పనిచేసిన చేతులు బిడ్డా. గీతలల్ల బొగ్గు దిగింది, ఎంత కడిగినా పోదు. గా మురికికే గిది ఆగమాగమైతున్నట్టుంది."

"నెల సంది గిదే వరుస. తోలు పగులుతుంది, వద్దంటే ఇనడు," అంది అనసూర్య.

"తప్పు నీ చేతులది కాదు పెద్దబాపు. ఆ మూలకు దుకాణం పెట్టింది నేనే," అంది సృజన.

ఆయన నమ్మలేదు. "నువ్వెందుకు పెడ్తవ్ బిడ్డా? చదివేటోని కష్టం నీకు తెల్వదా?"



మర్నాడు ఆఫీసులో కుమారస్వామి గోడ మీద గ్రాఫ్ చూపిస్తున్నాడు. "చూసినవా సృజనా, దుకాణం తెరిచేటోళ్లు ఐదింతలైండ్రు! ఎడమ మూలకు కూడ పెడ్దాం."

"వాళ్లు తెరుస్తలేరు సార్. అదే తెరుచుకుంటుంది," అని, రాజలింగు చేతులు కడుక్కున్న సంగతి చెప్పింది. కుమారస్వామి నవ్వాడు. పక్కనున్న ఇద్దరూ నవ్వారు.

"పోనీ తియ్, ముసలాయనకు శుభ్రత అలవాటైంది," అన్నాడు కుమారస్వామి.

సృజన బల్ల మీది టేపు తీసుకుంది. "జర చెయ్యి ఇయ్యుండ్రి సార్," అని ఆయన కుడిచేతి రెండు వేళ్లను మడిచి టేపు చుట్టింది. "ఒక్క పేజీ చదువుండ్రి."

మూడుసార్లు దుకాణం తెరుచుకుంది. మూడోసారి ఆయన రీడర్‌ను బల్ల మీదికి విసిరి, టేపు పీకేసుకున్నాడు. "నాకు పది వేళ్లున్నయ్. నాకెందుకు గీ ఫికర్?"

ఆ మొహం వైపు చూడటానికే సృజనకు రోత పుట్టింది. ఎడమ మూల తాను గీయనంది. ఆయన ఇంకొకరితో గీయించి అప్‌డేట్ పంపించాడు. ఆ రోజే సృజన అనసూర్యకు ఫోన్ చేసింది.

"అక్కా, గా రీడర్లు ఖరాబు కాలే. కావాలనే అట్ల పెట్టిన్రు."

"థూ," అంది అనసూర్య.

వారం తిరగకముందే ఆమె పద్నాలుగు రీడర్లనూ సంచిలో వేసుకుని, బస్సెక్కి కరీంనగర్ వచ్చింది. ఆ సమయానికి కుమారస్వామి కొన్ని కాలేజీల లైబ్రరీవాళ్లతో మీటింగులో ఉన్నాడు. ఆపినా ఆగకుండా లోపలికి పోయి, సంచిలోవన్నీ బల్ల మీద పేర్చింది.

"ఏందమ్మా ఇది?"

"మీయి మీకే. మా రాజలింగన్న చేతులు పుండ్లయినయి. కుడికి ముట్టితే దుకాణం, ఎడమకు ముట్టితే దుకాణం. మేము చదువుకుంటందుకు తీసుకున్నం, మీ బేరాలకు కాదు."

లైబ్రరీవాళ్లలో పద్మలత అనే ఆవిడ ఒక రీడర్ చేతిలోకి తీసుకుంది. వెంటనే దుకాణం తెరుచుకుంది. ఆవిడ దాన్ని కిందపెట్టి, "మాకు పంపేటివి కూడ గిట్లనే ఉంటయా?" అని అడిగింది. కుమారస్వామి ఆ రీడర్‌ను గబగబా తన వైపు లాక్కున్నాడు.

సాయంత్రానికల్లా రెండు మూలల దుకాణాలనూ తీసెయ్యమన్నాడు. పది రోజుల్లో కొత్త మెనూ తయారైంది. బొటనవేలి కింద అక్షరాల సైజు, దుకాణం మెనూ చివర. ఆఫీసులో అందరినీ పిలిచి, ఇదంతా తన ఆలోచనే అని చెప్పుకున్నాడు కుమారస్వామి. చప్పట్లు కొట్టారు. మిఠాయి పంచారు.

సృజన మిఠాయి ముట్టలేదు. "అంతకుముందు దుకాణం పెట్టించింది గూడ మీరే, గీసింది నేనే. గది గూడ చెప్పుండ్రి సార్," అంది. ఎవరూ ఆమె వైపు చూడలేదు.

కొత్త మెనూ పెట్టిన రీడర్లు తీసుకుపోవడానికి అనసూర్య మళ్లీ వచ్చింది. ఇచ్చినవి ఇచ్చినట్టు సంచిలో వేసుకోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక్కొక్కటి తెరిచి నాలుగు మూలలూ నొక్కి చూసింది. తొమ్మిదోదానిలో పాత మెనూ అలాగే ఉంది. దాన్ని సృజన ముందుకు తోసింది.

"గిది సక్కగ చేసియ్యి, అప్పుడే పోత. జల్ది కానియ్యి, రాజలింగన్న కథ నడుమల ఆగింది."

సృజన దాన్ని తీసుకుని ఆమె పక్కనే కూర్చుంది.