ఇసక పెట్టెలో చదరం

రాజ్ కిరణ్ ఇసకని మురిక్కాలవలో పోయించాడు. తీతుకి సొంత అక్క మొగుడు, తెలుగువాళ్లూ బెంగాలీలూ కలిసుండే రైల్వే ఊళ్లో, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో చర్చి వెనక నడిచే చిన్నపిల్లల బడికి సెక్రటరీ, ఆదివారం ఆరాధనలో ముందు వరస కుర్చీ ఎవరికీ వదలని పెద్దమనిషి. అంతటివాడు శుక్రవారం సాయంత్రం పిల్లలు ఇళ్లకు వెళ్లేదాకా ఆగి, ఇద్దరు కూలీలని పిలిచి, కేజీ క్లాసు గదిలోంచి పెట్టెడు ఇసకని తట్టలకెత్తించి కాలవలో కలిపేశాడు. జేబు కత్తిరించి ఉంటే తీతు నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాడు. ఇది అలా ఊరుకునే సంగతి కాదు. ఎందుకంటే అప్పటికే తీతు అతను చెప్పినట్టల్లా వింటానని ఒప్పుకుని ఉన్నాడు. లొంగినవాణ్ణి మళ్లీ తన్నడమే అది.

తీతు వడ్రంగి. పూరీ గేటు దగ్గర రేకుల షెడ్డు కింద కిటికీలు, మంచాలు చేస్తాడు. అతని తండ్రి రైల్వే వర్క్‌షాపు ఫౌండ్రీలో మోల్డర్. ఇసకలో అచ్చు తీసి, అందులో కరిగిన ఇనుము పోసే పని. తీతు ఐదో తరగతి సగంలో ఉండగా ఆయన పోయాడు. బడి అక్కడితో సరి. తరవాత ఒక కాంట్రాక్టరు చేతి కింద, ఆ ఇసక అచ్చులకి కావలసిన కర్ర నమూనాలు చెక్కడం నేర్చుకున్నాడు. ఆ పనిలో మొదట నేర్పేది ఒకటే. నమూనా పక్కలు నిటారుగా ఉండకూడదు. పైన వెడల్పు, కిందికి దిగేకొద్దీ కాస్త సన్నం. ఆ వాలు లేకపోతే నమూనాని పైకి లాగేటప్పుడు ఇసక గోడలు పెళ్లలూడిపోతాయి. కాంట్రాక్టరు పని ఎప్పుడో ఎత్తేశారు. వాలు మాత్రం తీతు చేతిలో ఉండిపోయింది. గడప చెక్కుతున్నా సరే, ఏమరుపాటుగా ఉంటే ఉలి అటే వాలేది.

అతని పెళ్లాం దోర్కా ఆ బడిలోనే కేజీ టీచరు. గుండ్రం, చదరం, ముక్కోణం చెప్పడానికి బడివాళ్లు ఇచ్చిన ప్లాస్టిక్ ముక్కలు సగం విరిగిపోయాయి, సగం పిల్లల జేబుల్లో ఇళ్లకి చేరిపోయాయి. కొత్తవి అడిగితే రాజ్ కిరణ్ "వచ్చే ఏడు సూద్దాం" అన్నాడు. దోర్కా మొగుణ్ణి అడిగింది. తీతు మిగులు టేకు ముక్కలతో ఒక సంచీడు దిమ్మలు చేసి, గరుకుకాగితం పట్టి, మెరిపించి తెచ్చాడు.

దోర్కా ఒక దిమ్మని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏటిది? మీదొకలగ, కిందొకలగ ఉంది? పక్కలన్నీ వాలిపోనాయేటి?"

తీతు దిమ్మని వెనక్కి లాక్కుని చూసుకున్నాడు. పిల్లలాడుకునే దిమ్మలకి ఫౌండ్రీ వాలు పెట్టేశాడు! ఒక్కదానికి కాదు, అన్నిటికీ.

"అలగే ఉండాల," అన్నాడు గంభీరంగా. "ఇసకలో నొక్కి తీడానికి."

"ఏ ఇసక?"

"తెస్తాను. నీకెందుకు తొందర?"

పరువు కోసం అన్న మాట అది. అన్నాక చెయ్యక తప్పలేదు. మర్నాడు ఒక కర్రపెట్టె, జల్లించిన సన్న ఇసక, చెంబుడు నీళ్లు పట్టుకుని క్లాసులోకి వచ్చి కూర్చున్నాడు. తండ్రి చేసినట్టే ఇసకని తడిపాడు. గుప్పిట్లో పిసికితే ముద్ద నిలవాలి, వేళ్లకి అంటకూడదు. అరచేత్తో చదును చేశాడు. సన్నపు వైపు కిందికి పెట్టి నాలుగుపలకల దిమ్మని నొక్కాడు. మెటికలతో రెండు దెబ్బలు కొట్టి, నెమ్మదిగా పైకి తీశాడు.

కత్తితో కోసినట్టు నాలుగు మూలలూ పడ్డాయి.

పిల్లలు మెడలు చాచి చూశారు. తరవాత అందరూ ఒక్కసారే మీద పడ్డారు.

అప్పట్నుంచీ తీతు వారానికొకసారి వచ్చేవాడు. వద్దన్నవాళ్లు లేరు, రమ్మని జీతమిచ్చినవాళ్లూ లేరు. ఆ క్లాసులో తెలుగు పిల్లలు, బెంగాలీ పిల్లలు, బీహారీ పిల్లలు కలిసే ఉంటారు. ఒకే చదరాన్ని ఒకడు చౌకోర్ అంటాడు, ఒకర్తె చౌకో అంటుంది, ఇంకొకడు చదరం అంటాడు. దోర్కా ఆ పక్కనే ఇంగ్లీషు పేరు చెప్పేది. పేర్లు ఎన్నయినా ఇసకలో పడే అచ్చు ఒకటే. ముక్కోణాన్ని తలకిందులు చేసి నొక్కినా ముక్కోణమే పడుతుందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. నొక్కి చూసుకున్నారు. చదరాన్ని మూల మీద నిలబెట్టినట్టు తిప్పి నొక్కారు. అదీ చదరమే. గుండ్రటి దిమ్మకి కూడా వాలుంది కదా, దాన్ని నేలమీద దొర్లిస్తే తిన్నగా పోదు, వంపు తిరిగి దొర్లించినవాడి కాళ్ల దగ్గరికే వచ్చేస్తుంది. దానికోసం రోజూ కొట్లాటే.

ఆ గుంపుకి మేస్త్రి పూజ. రైల్వేలో ఖలాసీ కూలీగా చేసి రిటైరైన ఎర్రయ్య మనవరాలు. నాలుగున్నరేళ్ల మనిషి, నోరు మాత్రం పెద్దది.

"తీతు మావా, తడి తక్కువైనాది. నీకు సూసుకోడం రాదా?"

"రాదమ్మా. నువ్వే సూసి పెట్టు."

"అమ్మా, ఈ మావకి ఏటీ రాదు!" అని దోర్కాకి ఫిర్యాదు చేసేది.

ఇదంతా బాగానే నడిచేది, తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫొటో పెట్టకపోయి ఉంటే. తెల్ల యూనిఫారం, మోచేతుల దాకా మట్టి. కింద ఒక ప్రశ్న: ఇంగ్లీషు మీడియం ఫీజు ఇందుకేనా? దాని కింద ఇంకో ఇరవై మంది.

రాజ్ కిరణ్ స్టీలు స్కేలు పట్టుకుని వచ్చాడు.

"ఏరా తీతూ, ఇదేటి?"

"చదరం బావా."

రాజ్ కిరణ్ స్కేలు ఆనించి కొలిచాడు. "మీద మూడంగుళాలు. కింద రెండున్నర. పక్కనించి సూస్తే బకెట్టులాగుంది. దీన్ని చదరమంతారా?"

"అనరు."

"మరి?"

"ఇసకలోంచి ఊడి రావాల కదా. దిమ్మ చదరం కాదు బావా, నువ్వన్నది నిజమే. దాని మూతి చదరం. పిల్లలు సూసేది ఇసకలో పడిన మూతినే."

"మనమిక్కడ ఇంజను సక్రాలు పోత్తన్నామేటి?"

పక్కనున్న దోర్కా నవ్వాపుకోలేక బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు వంగింది. రాజ్ కిరణ్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ నవ్వు ఎక్కడ తిరిగి తగులుతుందో తీతుకి అప్పుడే అర్థమైంది.

తండ్రి పోయినప్పుడు రైల్వే ఇచ్చిన డబ్బుతో తాల్‌బగీచాలో కాస్త నేల కొన్నారు. తీతు అప్పటికి చిన్నపిల్లాడు కాబట్టి కాగితం అక్క స్వర్ణకుమారి పేరున రాయించారు. తమ్ముడు పెద్దవాడయ్యాక సగం రాసిస్తానని అక్క అందరి ముందూ అంది. తమ్ముడు పెద్దవాడయ్యాడు, తల నెరిసింది. రాజ్ కిరణ్ ప్రతి ఏడూ ఏదో ఒక వంక చెప్పేవాడు. ఈ ఏడు మొదటిసారి తారీకు చెప్పాడు.

"సోమవారం రిజిస్ట్రీ ఆఫీసుకి పోదాం. నువ్వూ, నానూ, మీ అక్కా," అన్నాడు తన వరండాలో టీ తాగుతూ. "దానికి ముందు సనివారం పేరెంట్స్ మీటింగుంది. నువ్వు లేచి రెండు ముక్కలు సెప్పు. 'సదువు లేనోణ్ణి, తెలీక సేసినాను, బడికి సంబంధం లేదు.' అంతే. నీ నోరేటి అరిగిపోదు."

స్వర్ణకుమారి గుమ్మంలో నిలబడి వింది.

తీతు ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకోడు? షెడ్డు అద్దెది. ఇల్లు అద్దెది. సొంతమని చెప్పుకోవడానికి ఈ భూమ్మీద అతనికున్నది ఆ సగమే.

ఇంటికొచ్చి దోర్కాకి చెబితే ఆమె అన్నం వడ్డిస్తూ ఆగింది. "నీ నేల, నీ నోరు. నానేటంతాను? కానీ 'సదువు లేనోణ్ణి' అన్న ముక్క నువ్వు అనక్కర్లేదు. నువ్వు లేసేలోపు ఆయనే నాలుగుసార్లు సెప్పీసుంటాడు."

శనివారం పొద్దున్న బడికి వెళ్లేసరికి ఇసక పెట్టె బోర్లించి ఉంది. అడుగున అంటుకున్న తడి ఇంకా ఆరలేదు. కాలవ గట్టు మీద తట్ట గీసుకుపోయిన గుర్తులున్నాయి. తీతు ఆ పెట్టెని తిరగేసి పెట్టి, వెనక బెంచీలో కూర్చున్నాడు. చెప్పాల్సిన రెండు ముక్కలూ నోట్లోనే ఉన్నాయి.

గది నిండింది. ముందు వరసలో స్వర్ణకుమారి ఒళ్లో నీళ్ల సీసా పెట్టుకుని కూర్చుంది. గోడకి కొత్త రంగుల చార్టులు. బల్ల మీద కొత్త ప్లాస్టిక్ ముక్కలు, ఇంకా సంచీ వాసనే పోలేదు. రాజ్ కిరణ్ టై కట్టుకుని, ముందుకి పిలవడానికి క్లాసులో గట్టిగా మాట్లాడే పిల్లని ఎంచుకున్నాడు.

"పూజా, కమ్. షో మీ స్క్వేర్."

పూజ బల్ల దగ్గరికొచ్చి, ఎర్ర ప్లాస్టిక్ చదరాన్ని సరిగ్గానే ఎంచి తీసుకుంది. దాన్ని బల్ల చెక్క మీద పెట్టి, రెండు చేతులతో నొక్కింది. మెటికలతో కొట్టింది. ఎత్తి చూసింది. ఏమీ పడలేదు. ఈసారి మునివేళ్ల మీద లేచి, ఒంటి బరువంతా వేసి నొక్కింది.

వెనకెవరో నవ్వారు.

"పడలేదు," అంది పూజ. "ఇసకేది?"

"ఇసక డర్టీ. సే, దిస్ ఈజ్ ఎ స్క్వేర్."

"డర్టీ కాదు. తడి."

గదంతా నవ్వింది. రాజ్ కిరణ్ నవ్వలేదు. ఆ పిల్ల మణికట్టు పట్టుకుని, చార్టు దగ్గరికి లాగి, వేలిని బొమ్మ మీద ఆనించాడు. పూజ చెయ్యి విదిలించుకుంది. చార్టు చిరిగి కిందపడింది.

"సూసినారా?" అన్నాడు సభ వైపు తిరిగి. "ఇదీ ఆ ఇసక సదువు. ఇలాంటి పిల్లల్ని ఎలాగ పైక్లాసుకి పంపుతాం? ఈ పిల్ల వచ్చే ఏడు మళ్లీ ఇదే క్లాసులో కూసుంటాది."

ఎర్రయ్య లేచాడు. డెబ్బై దాటిన మనిషి. వర్క్‌షాపులో ఆఫీసర్ల ముందు కట్టుకున్నట్టు చేతులు కట్టుకున్నాడు. "బాబూ, తప్పయిపోనాది. పిల్లకి తెల్దు. నాను సెప్పుకుంతాను."

"నీ తప్పేటుంది ఎర్రయ్యా, నేర్పినోడిది తప్పు. తీతూ, లెగు. సెప్పు."

తీతు లేచాడు. చెప్పడానికే లేచాడు. కానీ ఎర్రయ్య ఇంకా చేతులు విప్పలేదు. ఏ తప్పూ చెయ్యని పిల్ల తరఫున ఒక ముసలివాడు తలదించుకుని నిలబడ్డాడు.

"సదువు లేనోణ్ణి," అన్నాడు తీతు. రాజ్ కిరణ్ తలూపాడు. "ఐదు సగంలో వొగ్గీసినాను. అది నిజం. దిమ్మలకి వాలు తెలీకే పెట్టినాను. అదీ నిజం. ఇసక మాత్రం తెలిసే తెచ్చినాను. మళ్లీ తెస్తాను."

"తీతూ!"

అతను బయటికి నడిచాడు. బడి ప్రహరీ కోసం దింపించిన ఇసక గుట్ట వాకిట్లోనే ఉంది. అక్కడున్న తట్ట నిండా ఎత్తి, భుజాన పెట్టుకుని లోపలికొచ్చి, రాజ్ కిరణ్ బల్ల మీద, ప్లాస్టిక్ ముక్కల మీద, హాజరు పట్టీ మీద, మొత్తం కుమ్మరించాడు. ముందు వరసవాళ్లు కుర్చీలు వెనక్కి లాక్కున్నారు.

"ఎర్రయ్య మావా, సేతులు దించు. ఎవరికీ సెప్పుకోనక్కర్లేదు." తరవాత ముందు కుర్చీలోని అక్క వైపు చెయ్యి చాపాడు. "అక్కా, ఆ నీళ్ల సీసా ఇలాగియ్యి. ఇది పొడిగుంది."

స్వర్ణకుమారి మొగుణ్ణి చూసింది. తమ్ముణ్ణి చూసింది. ఒళ్లో ఉన్న సీసా మూత తీసి ఇచ్చింది.

"సోమవారం నాను ఎక్కడికీ రాను," అన్నాడు రాజ్ కిరణ్ ఒక్కో మాటా నొక్కి. "ఇను. మీ అక్క కూడా రాదు. ఈ జన్మలో రాదు."

"రాకండి."

"బాగా ఆలోసించుకో."

"ఆలోసించీసినాను బావా. కాస్త ఎనక్కి జరుగు, పిల్లలకి సోటు సాలదు."

దోర్కా బల్ల కిందనించి కర్ర దిమ్మల సంచీ తీసింది. శుక్రవారమే దాచిందట. పూజ ముందు ఇసకని పిసికి చూసి, ఇంకొంచెం పొయ్యమంది. పోశాడు. ఒక బెంగాలీ నాన్న ఫోను తీసి వీడియో పట్టాడు, మెచ్చుకోవడానికో గ్రూపులో తిట్టడానికో తెలియదు. ఒక తల్లి కూతుర్ని రెక్క పట్టుకుని బయటికి లాక్కుపోయింది. రాజ్ కిరణ్ బయటికి నడిచాడు; స్వర్ణకుమారి మొగుడి వెనకే వెళ్లిపోయింది, తమ్ముడి వైపు చూడకుండా. మిగిలిన పిల్లలు బల్ల చుట్టూ ఎక్కి నొక్కుతూనే ఉన్నారు.

దోర్కాని బడిలోంచి తీసెయ్యలేదు. ఆ జీతానికి ఇంకెవరూ దొరకలేదు, అంతకంటే వేరే ఔదార్యమేమీ లేదు. పూజ పైక్లాసుకి వెళ్లింది. బడి కమిటీ మీటింగుకి ఎర్రయ్య తోటి ఖలాసీలు పదిమంది వచ్చి కూర్చునేసరికి రాజ్ కిరణ్ సంతకం పెట్టాడు. ఇసక పెట్టెని మాత్రం బడిలోకి రానివ్వలేదు. అది పూరీ గేటు షెడ్డులో ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు కొందరు పిల్లలు వస్తారు. తీతు రంపం ఆపి, ఇసక తడుపుతాడు. ఎవరైనా నేల సంగతి కదిపితే "పోనీ" అనడు. పోయిందనే చెబుతాడు, ఎవరు తీసుకున్నారో పేరు పెట్టి చెబుతాడు. మళ్లీ ఆ శనివారం వస్తే అదే తట్ట ఎత్తుతానని కూడా చెబుతాడు.

వానలు వెనకపట్టాక రాజ్ కిరణ్ ఆ నేలని ఒక బిల్డరుకి అమ్మేశాడు. తాల్‌బగీచాలో మొత్తం మూడు కాఠాలు, అంటే రెండు వందల నలభై గజాలు. అందులో తీతుది ఒకటిన్నర.