మూలవ్వ ముఖం

నరసన్నపేటలో యమునకు తెలిసినవాళ్లంటూ ఎవరూ లేరు. విజయనగరం నుంచి ఓ ప్రైవేటు బడికి డ్రాయింగు టీచరుగా వచ్చింది. కరోనాలో ఆ బడి మూతపడింది. తోటి టీచర్లు ఎవరి దారిన వాళ్లు పోయారు. తిరిగి వెళ్లడానికి అమ్మా నాన్నా లేకపోవడంతో ఆమె మాత్రం మేడ మీది ఒంటిగదిలోనే ఉండిపోయింది. హైదరాబాదు కంపెనీ ఒకటి జపాను మాంగా తీరులో ఫోన్లో చదువుకునే బొమ్మల కథ మొదలుపెడితే, దానికి బొమ్మలు గీసే పని దొరికింది. కొన్ని రోజులైతే కూరగాయల బండివాడితో తప్ప నోరు విప్పే అవసరమే ఉండేది కాదు.

కథలో హీరో వేగుడనే పదహారేళ్లవాడు. సముద్రపు మంచులోంచి పుట్టే రాక్షసులతో పోరాడతాడు. కత్తి పిడి పట్టుకున్నప్పుడల్లా వాడికో ముసలావిడ కనిపిస్తుంది. ఏడు తరాల కిందట ఆ రాక్షసుల్ని మొదటిసారి కట్టడి చేసింది ఆవిడే. వాడి వంశానికి మూలం కాబట్టి మూలవ్వ. వాడికి తప్ప ఇంకెవరికీ కనిపించదు. రెండు మాటలు చెప్పి మాయమైపోతుంది.

మూలవ్వకు ఏ ముఖం పెట్టాలో తోచక యమున మొదట్లో చాలా తిప్పలు పడింది. ఒక ఉదయం కిటికీలోంచి చూస్తే, ఎదురింటి అరుగు మీద ఒక ముసలమ్మ చింతపండు ముందేసుకుని పిక్కలు తీస్తోంది. గడ్డం మీద మూడు చుక్కల పచ్చబొట్టు. ఎడమ కనుబొమను రెండుగా చీల్చిన పాత గాటు. పక్కన ఎవరూ లేకపోయినా పెదవులు కదులుతూనే ఉన్నాయి. యమున ఆ ముఖాన్నే గీసింది. అప్పట్నుంచి రెండేళ్లుగా చూస్తూనే ఉంది, గీస్తూనే ఉంది. కిందికి దిగి పలకరించాలని చాలాసార్లు అనుకుంది. ఏమని మొదలుపెట్టాలో తెలియక ఊరుకుంది.

ఒకరోజు కంపెనీ నుంచి పృథ్వీరాజ్ ఫోన్ చేశాడు. కథంతా నడిపేది అతనే.

“యమునగారూ, మూలవ్వని ఇక పంపించేద్దామండీ. హీరోకి బలమంతా వచ్చేసింది కదా, ఇంకా ఆవిడెందుకు? వచ్చే ఎపిసోడ్‌లో మాయం చేసెయ్యండి.”

సరేనంది. ఫోన్ పెట్టేసి కిటికీ దగ్గరికి వెళితే ఎదురింటికి తాళం కనిపించింది. మర్నాడూ తాళమే. ఆ మర్నాడు అరుగు మీద కుక్క పడుకుని ఉంది. యమున ఆగలేక కిందికి దిగి, కిరాణా కొట్టు జగన్నాధాన్ని అడిగింది.

“ఎదురింటావిడ కనిపించటం లేదేటండీ?”

“ముసల్దా? నూతికాడ జారి పడిపోనాది. సికాకుళం పెద్దాసుపత్రికి అట్టుకెళ్లిపోనారు. నీకేటౌతాది?”

“ఏమీ కాదు” అంది యమున. ఆ మాట అన్నాక మళ్లీ మేడెక్కబుద్ధి కాలేదు. తిన్నగా హైవే మీదికి నడిచి శ్రీకాకుళం బస్సెక్కింది.

ఆడవాళ్ల వార్డు దగ్గర నర్సు అడిగింది. “పేషెంటు పేరేటమ్మా?”

ఆ ముఖంలో ఏ ముడత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో యమునకు తెలుసు. పేరు మాత్రం తెలీదు.

“పేరు తెలీకండా సూడ్డానికొచ్చినావా?”

యమున సంచిలోంచి పెన్ను తీసి, బస్సు టిక్కెట్టు వెనక గబగబా గీసి చూపించింది. నర్సు దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది.

“ఓలమ్మ, అచ్చం దేముడమ్మే! ఆ సివర మంచం, ఎల్లు.”

మంచం పక్కన నిలబడితే దేముడమ్మ కళ్లు చిట్లించింది. “ఎవులూ?”

“మీ ఎదురింటి మేడ మీద ఉంటానమ్మా. యమునని.”

“మేడ మీదా? ఆ గది కాళీ అనుకుంటన్నానే! నాకు సూపానదు తల్లీ. మనిసలికిడి ఎప్పుడూ ఇననేదు.”

యమున ఫోన్ తీసి మూలవ్వ బొమ్మ చూపించింది. దేముడమ్మ దాన్ని ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుంది.

“నానేనా? మరి ఈ గుంటడెవుడు?”

“మీ వంశమేనమ్మా. ఏడు తరాల తర్వాతవాడు.”

“నాకెక్కడి వంశం తల్లీ! ఒక్క నలుసు పుట్టి, పురిట్లోనే ఎల్లిపోనాది.”

యమున ఫోన్ వెనక్కి తీసుకుంది. ముసలమ్మే మళ్లీ అడిగి పుచ్చుకుంది.

“బక్కసిక్కి ఉన్నాడు. ఏలకి తింటన్నాడా? కత్తట్టుకు తిరిగితే కడుపు నిండిపోద్దేటి? ఓ ముద్దెట్టకపోనావా?”

రెండేళ్లలో వాడు అన్నం తింటున్న బొమ్మ ఒక్కటీ గీయలేదని యమునకు అప్పుడు తట్టింది.

ఆసుపత్రి నుంచి దేముడమ్మ మళ్లీ ఆ ఇంటికి రాలేదు. చెల్లెలి కొడుకు రమేష్‌బాబు శ్రీముఖలింగం దగ్గర తన ఇంటికి తీసుకుపోయాడు. ఆమె బట్టలు, గిన్నెలు అతనితో కలిసి యమునే ఆటోలోకి ఎక్కించింది. ఎదురిల్లు ఎరువుల వ్యాపారి ఒకాయన గోదాముకని అద్దెకు తీసుకున్నాడు.

మాయం కావలసిన ఎపిసోడ్‌లో మూలవ్వ వేగుణ్ణి కూర్చోబెట్టి ముద్ద కలిపి పెట్టింది. యుద్ధం మధ్యలో అన్నమేంటండీ అని పృథ్వీరాజ్ గొణిగాడు గాని తీసెయ్యలేదు. వేగుడు నోట్లోది మింగి తలెత్తేసరికి ఎదురుగా ఎవరూ లేరు. పాఠకులు కింద కామెంట్లలో కత్తి గురించే రాశారు. ఒకరు మాత్రం, “ఆ అవ్వ మళ్లీ వస్తుందా?” అని అడిగారు.

ఆదివారం యమున బస్సెక్కి దేముడమ్మను చూడడానికి వెళ్లింది. ముసలమ్మ వంశధార ఏటి గాలి తగిలేచోట నులకమంచం వేసుకుని పడుకుని ఉంది. పేరు చెప్పినా పోల్చుకోలేదు. “ఇటొచ్చి కూకో” అని చెయ్యి చాచింది. యమున వంగితే ఆ ముఖాన్ని తన ముఖానికి దగ్గరగా లాక్కుని తడిమింది. నుదురు, కనుబొమలు, ముక్కు, గడ్డం, ఒక్కొక్కటీ నెమ్మదిగా.

“మేడ మీద గుంటవి కదా” అంది. “ఈ పూటకి ఉండిపోకూడదా?”

“పనుందమ్మా.”

ఎందుకలా అందో యమునకే తెలీలేదు. బస్సు కదిలాక ఉండిపోవాల్సిందేమో అనిపించింది. కండక్టరును ఆపమనబోయి, నరసన్నపేటకు టిక్కెట్టు తీసుకుంది.

గదికి వచ్చి లైటు వేసుకుంది. సముద్రపొడ్డున ఒంటరిగా నడుస్తున్న వేగుణ్ణి గీయడం మొదలుపెట్టింది.