కుందేళ్ల తర్వాత వరస

కుందేళ్ల కళ్లు కాపాడామని చప్పట్లు కొట్టించుకున్న కంపెనీ పెద్దలారా, ఆ మందు ఆ తర్వాత ఎవరి కళ్లలో పోశారు? మీరు నోరు విప్పరు. మిరప కూలీ జంపక్క ఉండే గూడెంలో ఏం జరిగిందో వినండి.

ఎనభై ఆరులో, చండ్రుగొండ అవతల అడవి అంచున, మిరపకాయ ఏరే రోజులు. ఘాటుకు కూలీల కళ్లు వాచిపోయాయి. అందరికంటే ఎక్కువ అవస్థ జంపక్క చెల్లెలు ఆదెమ్మది. తోట ఆసామి వెంకటరామారావు తన జీపులో ఒక మందుల కంపెనీ డాక్టరును, సీసాలున్న అట్టపెట్టెను తీసుకొచ్చాడు. కళ్లమంటకు కొత్త చుక్కల మందు, ఊరికే వేస్తారట.

ఎవరూ కదల్లేదు.

"కల్లు పోసేటోడు ముందు తను తాగాలె గదా సారూ," అంది జంపక్క. గూడెంలో అది కట్టుబాటు. విషం లేదని చూపించనిదే ఎవరూ దొప్ప పట్టరు.

"చెప్పాను కదండీ డాక్టరు గారూ," అన్నాడు వెంకటరామారావు.

డాక్టరు జేబులోంచి సీసా తీసి, తల ఎత్తి, తన రెండు కళ్లలోనూ చుక్కలు వేసుకుని, సీసా మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"సారు మనోడే," అన్నాడు ముసలి దూలయ్య. "పొద్దుగూకేదాక ఉంటే కల్లు గూడ పోద్దాం."

నవ్వుకుంటూ వరస కట్టారు. ముందు ఆదెమ్మ, వెనక జంపక్క. డాక్టరు ఆసామితో మాట్లాడుతూనే ఆదెమ్మ కుడికంట్లో మందు వేశాడు.

"పై దేశాల్లో కుందేలు కంట్లో మందు పోస్తే జనం రోడ్డెక్కుతున్నారండీ. అందుకే కుందేళ్లు మానేశాం. గాజు పళ్లెంలో కణాలు పెంచి చూడొచ్చట, కోడిగుడ్డు పొర మీద చూడొచ్చట. వాటికి ఏళ్లు పడుతుంది. అంత ఓపిక మనకెక్కడిది?"

"ఇక్కడ ఎక్కడానికి రోడ్డే లేదు లెండి," అని నవ్వాడు వెంకటరామారావు.

జంపక్కకు గాజు పళ్లెం అర్థం కాలేదు. కుందేలు అర్థమైంది. డాక్టరు చేతిలోని సీసా అట్టపెట్టెలోది. అతను తన కళ్లలో వేసుకున్నది ఇంకా జేబులోనే ఉంది. కట్టుబాటు తెలుసుకుని మరీ వచ్చారు! ఒకే కుండలోది అందరూ తాగే గూడెం, రెండో సీసా ఉంటుందని అనుకోనే లేదు.

"అక్కా, మండుతంది," అంది ఆదెమ్మ. "మిరప లెక్క గాదే. లోపట మండుతంది." నల్లగుడ్డు మీదికి తెల్లటి పొర పాకుతోంది.

డాక్టరు రెండో కన్ను తెరవబోయాడు. జంపక్క అతని మణికట్టు పట్టుకుంది.

"జేబుల ఉన్నదేంది సారూ? ఈ పెట్టెలది నీ కంట్ల వేసుకో. చూస్త."

డాక్టరు జీపు వైపు చూశాడు.

"జంపక్కా, రేపటి నుంచి పనిలోకి రావద్దు," అన్నాడు ఆసామి.

"రాను. నువ్వెట్ల పోతవో చూడు."

కుండలకొద్దీ నీళ్లు పోసి కన్ను కడిగారు. పొర పోలేదు. అప్పటికే దూలయ్యతో పాటు మగవాళ్లంతా జీపుకు అడ్డంగా కూర్చున్నారు.

జంపక్క చెల్లెల్ని జీపెక్కించి, ఒక సీసా కొంగున కట్టుకుంది.

"పెట్టె ఈడనే ఉంటది. సారూ, నువ్వు నా పక్కన కూసో. ఖమ్మం పెద్ద దవాఖానల ఈ పిల్ల కంట్ల ఏం పోసినవో నీ నోటితోనే చెప్పాలె. ఏళ్లు పడ్తే పడనీ, ఆ గాజు పళ్లెంలనే చూసుకోండ్రి, ఇంకే మనిషి కంట్ల పొయ్యొద్దు. ఆసామీ, నువ్వు బండి తియ్. జల్దీ."